దడతోనే సిరిసిల్లకు

జగిత్యాల వెళ్ళొచ్చానని చెబితే మా కాకినాడలో నలుగురిలో ముగ్గురు "అక్కడ చూడ్డానికేముంది?" అన్నారు. నాలుగో ఆయన "అదెక్కడ?" అన్నాడు. నేను గుళ్ళూ గోపురాలూ చూడ్డానికి వెళ్ళలేదు. నా తెలుగు ఎవరికీ అర్థం కాదని ఒకామె అన్నందుకు వెళ్ళాను. ముప్పై ఏళ్ళు కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన దాన్ని, అంత మాట అంటే ఊరుకుంటానా?

సంగతేమిటంటే, మానసిక వైద్యంలో ఒక పద్ధతి గురించి ఆరోగ్య కార్యకర్తల కోసం రాసిన చిన్న పుస్తకాన్ని నేను తెలుగు చేశాను. దిగులు, భయం, తప్పు చేశానన్న బాధ పూర్తిగా పోయేదాకా బతుకును ఆపుకుని కూర్చోకుండా, వాటికి మనసులో కాస్త చోటిచ్చి, మనకు ముఖ్యమైన పని వైపు అడుగు వేయడం నేర్పే పద్ధతి అది. దానికి 'అంగీకార నిబద్ధతా చికిత్స' అని పేరు పెట్టి నా భుజం నేనే తట్టుకున్నాను. అచ్చుకు ముందు ఒక ప్రతిని జగిత్యాలలో కౌన్సెలర్‌గా పనిచేసే సుజాతకు పంపాను. వారం తర్వాత ఫోన్ చేసింది. "అక్కా, పుస్తకం మంచిగున్నది. కానీ గిది సదివితె మా దగ్గరోళ్ళకు ఉన్న దడ ఇంకింత ఎక్కువైతది. ఒక్కసారి అచ్చి నాలుగు దినాలు ఉండి చూడుండ్రి" అంది.

'అచ్చి' అంటే అక్కడ 'వచ్చి' అని పోల్చుకుని బయల్దేరాను. సంచిలో పుస్తకం ప్రతి, దాని పక్కనే గొట్టం కాజాల డబ్బా. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టకూడదని దిగాక తెలిసింది. పాకం కారి మొదటి మూడు అధ్యాయాలూ అతుక్కుపోయాయి.

జగిత్యాల

సుజాతకు నలభై ఏళ్ళుంటాయి. మనిషి పొట్టి, నడక మాత్రం గుర్రం నడక. బస్టాండు నుంచి ఆమె గదికి చేరేసరికి నాకు ఆయాసం వచ్చింది. కిరాణా దుకాణం పైన రెండు గదుల్లో ఆమె పని. బయట బోర్డు లేదు. ఎందుకు లేదంటే, "బోర్డు పెడితె ఎవలు మెట్లెక్కరక్కా. కింద ఉప్పు కొననీకి అచ్చినట్టు అచ్చి మెల్లగ పైకి అస్తరు" అంది.

అన్నంలోకి పచ్చిపులుసు పోసింది. మా వైపు పులుసంటే పొయ్యి మీద పెట్టి, బెల్లం వేసి, చిక్కబడేదాకా మరిగించాలి. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయా పచ్చిమిర్చీ వేసి అలాగే పోసేస్తారు. మొదటి ముద్దకు ముఖం చిట్లించాను. మూడో ముద్దకు గిన్నె నా వైపు లాక్కున్నాను.

భోజనాలయ్యాక ఏడుగురు ఆడవాళ్ళు వచ్చారు. అందరి భర్తలూ దుబాయ్‌లోనే. సౌదీ అయినా, మస్కట్ అయినా, ఖతర్ అయినా ఇక్కడి వాడుకలో అంతా దుబాయే. నేను ఉత్సాహం కొద్దీ పుస్తకంలోంచి ఒక పేజీ చదివాను. 'ప్రతికూల ఆంతరిక అనుభవాలకు సుముఖతతో అవకాశమివ్వడం' అన్న చోట ఒకామె ఆవులించింది. ఇంకొకామె సుజాత వైపు వంగి "మేడం ఏ భాష మాట్లాడ్తున్నది?" అని అడిగింది. మూడు అధ్యాయాలు పాకంలో అతుక్కుపోవడమే మేలైంది, చదవాల్సింది తగ్గింది.

ఆవులించినామె తర్వాత తానే నోరు విప్పింది. "నాకు నిద్ర ఉండది మేడం. మా ఆయిన ఒక్కపూట ఫోన్ చెయ్యకుంటె ఏమన్న అయ్యిందేమో అని ఒక్కటే గుబులు. రావద్దు రావద్దు అనుకుంటె ఇంకింత అస్తది. పొయ్యి మీద కూర మాడుతది, పిల్లలు పిలిచినా ఇనరాదు."

సుజాత "ఏం కాదులే" అనలేదు. "ఆలోచించకు" అని కూడా అనలేదు. ఒక చీటీ, పెన్ను ఇచ్చింది. "'నా మనసు ఏమంటున్నదంటే' అని మొదలువెట్టి గా మాట రాయి" అంది. ఆమె రాసింది: నా మనసు, ఆయినకు ఏమో అయ్యింది అంటున్నది. సుజాత ఆ చీటీని మడతపెట్టి ఆమె కొంగుకే ముడి వేయించింది. "ఇప్పుడు లేచి అందరికి చాయ్ పొయ్యి."

ఆమె కొంగు ఒకసారి తడుముకుని లేచి, తొమ్మిది గ్లాసుల్లో చాయ్ పోసి తెచ్చింది.

"కొంగుల ఉన్నది పోయిందా?" అని అడిగింది సుజాత.

"యాడికి పోతది, ఉన్నది."

"చాయ్ పోస్తుంటె అడ్డమచ్చిందా?"

ఆమె గ్లాసుల వైపు చూసి "రాలే" అంది.

పక్కనున్న పెద్దావిడకు ఇది నచ్చలేదు. "గట్లయితె ఏమచ్చినా నోరు మూసుకొని పడి ఉండుమంటవా బిడ్డా?" అని గట్టిగానే అడిగింది.

"కాదవ్వా. మొగడు కొడితె ఒప్పుకొని పడి ఉండుమంటలేను. గది బయటి సంగతి, గది ఆపాలె. నేను చెప్పేది లోపటి సంగతి. గుబులు అచ్చిందా, అచ్చిందని ఒప్పుకో. కానీ గుబులు చెప్పిన పనల్ల చెయ్యకు. నీకు ఏది ముఖ్యమో గా పని చెయ్యి."

నేను పదహారు పేజీల్లో చెప్పింది ఆమె చాయ్ గ్లాసులు ఖాళీ అయ్యేలోపు చెప్పేసింది. నాకు కొంచెం అసూయ కలిగిన మాట దాచను.

కోరుట్ల

మర్నాడు సుజాత నన్ను కోరుట్లకు తీసుకెళ్ళింది. వాడలోకి మలుపు తిరగ్గానే తంబాకు ఘాటు ముక్కుకు తగిలింది. ఇళ్ళ ముందు ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. కత్తిరించిన తునికాకులో తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పక్కన పడేస్తారు. కళ్ళు మన మీదే ఉంటాయి, మాటలు ఆగవు, చేతులూ ఆగవు.

మేము వెళ్ళింది గంగరాజం ఇంటికి. ఎనిమిది వారాలుగా సుజాత అతనితో మాట్లాడుతోంది. మేం వస్తామనీ, నేను విన్నది ఎప్పుడైనా రాసినా పేరు మార్చి రాస్తాననీ ముందే అడిగి ఒప్పించింది. అతని భార్య జమున అరుగు మీద బీడీలు చుడుతూ నా మొదటి తుమ్ముకు నవ్వింది, నాలుగో తుమ్ముకు చాట అవతలికి జరిపింది. లోపలికి వెళ్ళి సర్వపిండి తెచ్చి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ కలిపి గిన్నెకు అంటించి కాలుస్తారు. మా తపేలా చెక్కలకు దగ్గరి చుట్టం. ఆ మాటంటే జమున ఒప్పుకోలేదు.

గంగరాజం నలభై ఏళ్ళ పొడుగాటి మనిషి. గోడకు చెట్టెక్కే మోకు వేలాడుతోంది. వాళ్ళ నాన్న తాళ్ళు ఎక్కి కల్లు గీసేవాడట. కొడుకు చెట్టెక్కలేదు, విమానం ఎక్కాడు. పదకొండేళ్ళు దుబాయ్‌లో భవనాల పని చేశాడు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే బావ, అక్క భర్త భూమయ్యకు పని సరిగ్గా దొరకని రోజుల్లో తన కంపెనీలోనే వీసా ఇప్పించి పిలిపించుకున్నాడు. ఇద్దరిదీ ఒకే గది. పై మంచం ఇతనిది, కింది మంచం బావది.

మిగతాది అతనే చెప్పాడు. నా వైపు కాకుండా మోకు వైపు చూస్తూ చెప్పాడు.

"పొద్దుగాల పనికి తోలుకపోయే బస్సు హారన్ కొడుతున్నది. 'లే బావా, బస్సు పోతది' అని కాలు పట్టి ఊపిన. లేవలే. ముందురోజు పని ఎక్కువైంది, మొద్దు నిద్ర పోతున్నడనుకున్న. ఉరికి బస్సెక్కిన. మద్యాన్నం ఫోనచ్చింది."

నిద్రలోనే గుండె ఆగిందని డాక్టర్లు చెప్పారట. బావ శవమున్న పెట్టెతో పాటు గంగరాజం కూడా సిరిసిల్ల వచ్చాడు. అక్క లచ్చవ్వకు 'బావ పండుకున్నకాడనే పోయిండు' అని మాత్రం చెప్పాడు. లేపి, లేవకపోతే వదిలి వెళ్ళానని చెప్పలేదు. పదకొండో రోజున అక్కను తోలుకొని కోరుట్ల రావాలి. బస్టాండులో ఒక బస్సు హారన్ మోగేసరికి గుండె దడదడలాడి, చెమటలు పట్టి, చచ్చిపోతున్నానని కూలబడ్డాడు. ఆస్పత్రిలో అన్ని పరీక్షలూ చేసి గుండె భేషుగ్గా ఉందన్నారు. అక్కను అక్కడే వదిలి ఒక్కడే ఇల్లు చేరాడు. అప్పటి నుంచి ఏడాదిగా సిరిసిల్లకు బయల్దేరడం, దడ రావడం, దారిలో దిగి వెనక్కి రావడం.

"అక్కను తోలుకు రావడం ఎందుకు?" అని అడిగాను. జమున నా వైపు జాలిగా చూసింది.

"మొగడు పోయినామెను తల్లిగారింటోళ్ళు తోలుకపోయి ఒక్క రాత్రి నిద్ర చేయిపియ్యాలె మేడం. గప్పటిదాక ఆమె ఒకలింటికి పోదు, ఒకలు పిలువరు. అమ్మ నాయిన లేరు. ఉన్నది ఈయినె ఒక్కడే. నేను రెండుసార్లు పోయిన. 'తమ్ముడు రాలేదా?' అన్నది, నాతోని రాలే. ఏడాదిలోపల గావాలె. ఇంక ఎనిమిది దినాలే ఉన్నది."

మా ఇళ్ళలో ఇలాంటివి పది రోజుల్లో ముగించేస్తారు. ఈ పట్టింపు నాకు మొదట మొరటుగా అనిపించింది. పక్కింటి గడప తొక్కకుండా ఒక మనిషి ఏడాది కూర్చోవడమేమిటని కోపం కూడా వచ్చింది. తర్వాత ఇంకోలా తోచింది. దుఃఖంలో ఉన్నదాన్ని చెయ్యి పట్టుకుని మళ్ళీ నలుగురిలోకి తీసుకురావడం ఎవరి పనో ఈ ఆచారం పేరు పెట్టి మరీ చెబుతోంది. ఆ పేరుగల మనిషి కదల్లేకపోతేనే చిక్కు.

సుజాత గంగరాజాన్ని "మనసు ఇయ్యాల ఏమంటున్నదన్నా?" అని అడిగింది. అతను చొక్కా జేబులోంచి నలిగిన చీటీ తీసి చదివాడు. "నా మనసు, బావను నువ్వే సంపినవ్ అంటున్నది."

"గది ఉండంగ నీకు ఏది ముఖ్యం?"

"అక్క."

"మరి రేపు సిరిసిల్లకు?"

అతను చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దడ తగ్గితె పోత" అన్నాడు. తర్వాత ఆ మాట తనకే నచ్చనట్టు తల అడ్డంగా ఊపి "పోత" అన్నాడు. ఇప్పటికి అతను బస్టాండు దాకా వెళ్ళి కూర్చోవడం, కథలాపూర్ దాకా వెళ్ళి రావడం అలవాటు చేసుకున్నాడు. రుద్రంగి దగ్గరే రెండుసార్లు దిగిపోయాడు.

సుజాత తాను వెంట వెళ్ళనంది. వెళ్తే అతను ఆమె చెయ్యి పట్టుకుని పోతాడు గానీ, సొంత కాళ్ళ మీద పోడట. నాకు ఎలాగూ సిరిసిల్ల చూడాలని ఉంది కాబట్టి ఒకే బస్సులో వెళ్ళమంది. బయటికి వచ్చాక మెల్లగా చెప్పింది. "అక్కా, మీరు ధైర్యం చెప్పకుండ్రి. దిగుదామని అసలే అనకుండ్రి. ఊకె పక్కన కూసోండ్రి."

"నాకా చెబుతున్నారు? ఆ అధ్యాయం తెలుగు చేసింది నేనే" అన్నాను.

రుద్రంగి

కథలాపూర్ దాటేదాకా బాగానే ఉంది. గంగరాజం కిటికీ పక్కన కూర్చుని, సుజాత నేర్పినట్టు, కంటికి కనబడ్డవన్నీ పేరు పెట్టి మెల్లగా చెప్పుకుంటున్నాడు. పసుపు చేను. మక్క చేను. బర్రె. ట్రాక్టర్. నేను కూడా అతని వెంట చూస్తూ, మక్క అంటే మొక్కజొన్నేననీ, ఆ పచ్చగా ఉన్నది పసుపు చేననీ అప్పుడే తెలుసుకున్నాను. పసుపు వాడకుండా ఒక్క కూర వండని దాన్ని, చేను ఎలా ఉంటుందో అరవై రెండేళ్ళ దాకా తెలియదు.

రుద్రంగి దగ్గరికొచ్చేసరికి ఎదురుగా లారీ వచ్చింది. మా డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. గంగరాజం పెదవులు ఆగిపోయాయి. ముఖం పాలిపోయింది, చొక్కా వీపున చెమటతో అంటుకుపోయింది. ముందు సీటు కమ్మీని పట్టుకున్న వేళ్ళు వణుకుతున్నాయి. గుండె పరీక్షలన్నీ సరిగ్గా ఉన్నాయని నాకు తెలుసు. దడ పెరిగి పెరిగి దానంతటదే దిగుతుందని తెలుసు. ఆ వాక్యం మంచి తెలుగులో రాసింది కూడా నేనే. అయినా నాకు భయమేసింది. "బాబూ, వద్దులే, దిగిపోదాం, ఇంకో రోజు వెళ్దురుగాని" అనేశాను.

అతను దిగిపోయాడు. వెనకాలే నేనూ దిగాను. బస్సు వెళ్ళిపోయింది.

రోడ్డు పక్క చిన్న హోటల్లో బెంచీ మీద కూర్చున్నాం. ఏం చేయాలో తోచక రెండు ప్లేట్లు గుడాలు చెప్పాను. ఉడికించిన శనగలకు తాలింపు పెట్టి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇరవై రూపాయలకు ఇస్తారు. మా వైపు ఇవే శనగలు నవరాత్రుల్లో ప్రసాదంగా గుప్పెడు పెడితే మహాభాగ్యం. రుచిగానే ఉన్నాయి, కానీ రెండు గింజలు తిని ప్లేటు పక్కన పెట్టాను. ఆ మనిషి ఎనిమిది వారాలు కూడబెట్టుకున్నదాన్ని నేను ఒక్క మాటతో పాడు చేశాను.

గంగరాజం నీళ్ళు తాగి, చేతి వేళ్ళు చూసుకున్నాడు. వణుకు లేదు.

"తగ్గింది మేడం," అన్నాడు. "గిదే గమ్మత్తు. దిగంగనే తగ్గుతది. ఏడాది సంది దిగుకుంట, తగ్గిచ్చుకుంట ఉన్న. అక్క మాత్రం గాన్నే కూసున్నది."

"తప్పు నాది బాబూ. మీరు దిగలేదు, నేను దింపాను. నాకే భయమేసింది."

"మీకు గూడ దడ అచ్చిందా?"

"వచ్చింది."

అతను నన్ను కాసేపు చూసి నవ్వాడు. ఆ మనిషి నవ్వగా చూడడం అదే మొదలు. గుడాల ప్లేటు నా వైపు జరిపి "తినుండ్రి. తిన్నంక మీ దడ మీరు పట్టుకోండ్రి, నాది నేను పట్టుకుంట. మల్ల బస్సు అస్తది" అన్నాడు. ఆ వెంటే, మర్యాదగానే, "గానీ ఈసారి మీరు సప్పుడు చెయ్యకుండ్రి" అన్నాడు.

తర్వాతి బస్సులో నేను నోరెత్తలేదు. అతనికి చెమటలు పట్టాయి. రెండుసార్లు సీట్లోంచి సగం లేచాడు, రెండుసార్లూ కూర్చున్నాడు. జేబు మీద చెయ్యి పెట్టుకుని బయటికి చూస్తూ చెప్పుకుంటూనే ఉన్నాడు. మేకలు. బావి. పత్తి చేను. వేములవాడలో జనం ఎక్కీ దిగీ తోసుకుంటుంటే కూడా దిగలేదు. నేను చీర కుచ్చెళ్ళు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. దిగేటప్పటికి కుచ్చెళ్ళన్నీ నలిగిపోయి ఉన్నాయి.

సిరిసిల్ల

లచ్చవ్వ ఇల్లు సాంచాల షెడ్ల మధ్య సందులో ఉంది. రేకుల కప్పు మీద పెద్ద వాన పడుతుంటే ఇంట్లో మాట వినబడదు చూడండి, ఇక్కడ ఆ వాన పగలంతా కురుస్తూనే ఉంటుంది. అందుకే ఈ సందుల్లో అందరూ గట్టిగా మాట్లాడతారు. ఎవరో పోట్లాడుకుంటున్నారనుకుని నేను రెండు చోట్ల ఆగి చూశాను. ఒక చోట కూరగాయల బేరం, ఇంకో చోట పెళ్ళి పిలుపు.

లచ్చవ్వ గడప లోపల చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. నలభై అయిదేళ్ళుంటాయి. కూతురు బట్టలు కుట్టే పనికి వెళ్ళిందట. తమ్ముణ్ణి చూసి లేవలేదు. చూపు మాత్రం తిప్పుకోలేదు.

"అచ్చినవా" అంది.

చెంబుతో నీళ్ళిచ్చి, నాకు పీట వేసి, మళ్ళీ చాట ముందు కూర్చుంది. నేను ఎవరో గంగరాజం చెబితే తలూపింది. అతను గడప పక్కన కింద కూర్చున్నాడు, నీళ్ళు తాగలేదు. ఏదో అన్నాడు. సాంచాల చప్పుడులో నాకే వినబడలేదు.

"ఇనస్తలేదు, గట్టిగ చెప్పు" అంది లచ్చవ్వ.

అతను మళ్ళీ చెప్పాడు. ఆమె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుంది. ఈసారి అతను మెడ నరాలు తేలేలా అరిచాడు. "గా పొద్దు నేను బావను లేపిన అక్కా. లేవలే. పండుకున్నడనుకున్న."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సందులో ఉన్న సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అతనికి గొంతు తగ్గించుకునే వ్యవధి లేదు. "బస్సు పోతదని ఇడిచిపెట్టి పోయిన" అన్న మాట ఆ నిశ్శబ్దంలో సందు చివరిదాకా వినబడింది. చెమటలు తుడుచుకుంటూ షెడ్డు గుమ్మాల్లోకి వచ్చిన మనుషులు ఇటే చూస్తున్నారు.

లచ్చవ్వ చేతిలో సగం చుట్టిన బీడీ ఉంది. దాన్ని పూర్తిగా చుట్టి, దారం కట్టి, చాటలో పెట్టింది.

"గప్పుడు ఊపిరున్నదా?"

"తెల్వదక్కా. నేను చూడలే."

"గీ మాట గిన్ని దినాలు ఎందుకు చెప్పలే?"

"దడ తగ్గినంక అచ్చి చెప్దామనుకున్న."

"తగ్గిందా?"

"లేదు."

అప్పుడామె ఏడ్చింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా, తమ్ముడి ముఖంలోకి చూస్తూనే ఏడ్చింది. గంగరాజం దగ్గరికి జరగలేదు, లేచి పోనూ లేదు. అక్కడే కూర్చుని ఆ ఏడుపు విన్నాడు. నేనూ ఏడ్చాను. ఆమె 'నిన్ను క్షమించాను' అంటుందేమోనని ఎదురుచూశాను. అలాంటి మాట ఏదీ ఆమె అనలేదు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని లేచి లోపలికి వెళ్ళింది. తలుపు చాటుకు వెళ్ళి ఇక రాదేమో, మమ్మల్ని పొమ్మంటుందేమో అనుకున్నాను. గోడ మేకుకు ఒక బట్ట సంచి వేలాడుతోంది. దాన్ని దించి రెండుసార్లు దులిపింది. దుమ్ము లేచింది. ఒక చీర, జాకెట్టు, దువ్వెన. పదకొండో రోజున తమ్ముడు తోలుకపోతాడని సర్దిపెట్టుకున్న సంచి అది. ఏడాదిగా విప్పలేదు.

సంచి చంకన పెట్టుకుని గంగరాజం ముందు నిలబడింది.

"నాకు కోపమున్నదిరా. ఏడాది సంది రాలేదని ఒకటి, గీ మాటకు ఇంకొకటి. గీ కోపం తగ్గినంక అస్తనంటె నువ్వు తోలుకపోయేదెప్పుడు, నేనచ్చేదెప్పుడు? కోపంతోనే అస్త. పా."

గంగరాజం లేచి, చెంబులో నీళ్ళు గటగటా తాగి, అక్క చేతిలో సంచి అందుకున్నాడు. బిడ్డకు చెప్పమని ఎదురింటామెకు కేకేసి లచ్చవ్వ తలుపు దగ్గరికి వేసింది. మేం సందు మలుపు తిరిగేలోపు కరెంటు వచ్చింది. గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే లోపలికి వెళ్ళారు, సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి.

తిరుగు ప్రయాణంలో అక్కాతమ్ముళ్ళు ఒకే సీట్లో కూర్చున్నారు. రుద్రంగిలో బస్సు ఆగినప్పుడు గంగరాజం కిటికీలోంచి హోటల్ బెంచీ చూపించి ఏదో చెప్పాడు. లచ్చవ్వ వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసింది. దింపింది నేనేనని చెప్పి ఉంటాడు.

మళ్ళీ కోరుట్ల

ఆ సాయంత్రం జమున మటన్ వండింది. ఈత కల్లు తెప్పించారు. నిద్రకు వచ్చినామెకు పెట్టాల్సినవన్నీ పెట్టారు. నేను కల్లు వద్దని రెండుసార్లు బెట్టు చేసి మూడోసారి ఒక గ్లాసు తాగాను. పుల్లగా, చల్లగా, పచ్చిపులుసుకు పెద్దక్కలా ఉంది. సుజాత ఫోన్ చేస్తే రుద్రంగిలో నా నిర్వాకం నేనే చెప్పేశాను. ఆమె నన్ను తిట్టలేదు. "గంగరాజమన్న మల్ల ఎక్కిండా లేదా, గది చెప్పుండ్రి" అంది.

మర్నాడు పొద్దున లచ్చవ్వకు తలంటు పోసి, తమ్ముడు తెచ్చిన కొత్త చీర కట్టించారు. నేను నా బస్సు వేళ కోసం సంచి సర్దుకుంటూ, పుస్తకం ప్రతిని కాగితాల్లో చుట్టి అడుగున పడేశాను. అందులో నేను పెట్టిన పేరును అప్పటికే కొట్టేశాను, కొత్త పేరు ఇంకా దొరకలేదు. డబ్బాలో నాలుగు కాజాలు మిగిలితే లచ్చవ్వ చేతిలో పెట్టాను. ఆమె ఒకటి కొరికి, పాకం చేతి మీదుగా కారితే నాక్కుని, మిగిలిన మూడూ ఒక గిన్నెలో వేసుకుంది. గిన్నె పట్టుకుని వీధిలోకి దిగింది.

గంగరాజం గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. చెయ్యి చొక్కా జేబు మీద ఉంది.

"దడ ఉందా?" అని అడిగాను.

"ఉన్నది మేడం" అన్నాడు, అక్క మీంచి చూపు తిప్పకుండా.

జమున వాళ్ళ ఎదురింటామె ఊడుస్తున్న చీపురు పక్కన పెట్టి "లోపటికి రా లచ్చక్కా" అంది. లచ్చవ్వ ఆ గడప ముందు కాసేపు ఆగింది. వెనక్కి తిరిగి తమ్ముణ్ణి ఒకసారి చూసింది. ముఖంలో కోపం ఇంకా అలాగే ఉంది. చూసి, చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళింది.